అంగుళం దింపితే పోయేదెంత?

పాత అంబాసిడర్‌నో పద్మినీనో వెతికి కొని, తుప్పు గీకించి, రంగు వేయించి, సీట్లు కుట్టించి రోడ్డెక్కించాక చాలామందికి ఒక వెలితి మిగిలిపోతుంది. పక్కనుంచి చూస్తే కారు వెనక భాగం పైకి లేచి కనిపిస్తుంది. వెనక చక్రానికీ మడ్‌గార్డు అంచుకూ మధ్య అరచెయ్యి దూరేంత సందు ఉంటుంది. తక్కువ ఖర్చులో వెనక కొంచెం దించితే బాగుండునన్న కోరిక అక్కడ పుడుతుంది. కర్నూలులో అయినా కడపలో అయినా షెడ్డుకు తీసుకెళితే ఇది ఒక పూటలో తేలిపోయే పనిలాగే ఉంటుంది. కమాన్ కట్టలోంచి ఒక పట్టీ తీసేయడమో, గ్యాసు మంట పెట్టి వంపు తగ్గించడమో చేస్తే సరి, రెండూ చవకే. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచిన వాదన ఒక్కటే. కారు వెనక దించేటప్పుడు అసలు ఖర్చు మిల్లీమీటర్లలో పడుతుంది, మెకానిక్‌కు ఇచ్చే కూలి దాని ముందు చిన్నది. గుంతలో పడ్డ చక్రం పైకి రావడానికి కారు కింద ఎంత ఖాళీ ఉందో అదే యజమాని చేతిలో ఉన్న సొమ్ము. ఆ సొమ్ము పరిమితం. దాన్ని తక్కువగా ఖర్చుపెట్టే పద్ధతే నిజంగా చవకైన పద్ధతి.

ముందు కారు కింద ఏముందో చూద్దాం. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. బొంబాయిలో తయారైన పద్మినికి మూలం ఇటలీ ఫియట్ 1100. ముందు వైపు అమరిక రెండింటికీ వేర్వేరు. వెనక మాత్రం రెండింటిదీ ఒకే పాత పద్ధతి, అడ్డంగా ఒక గట్టి ఇరుసు హౌసింగు, దాని రెండు చివర్లా రెండు కమాన్ కట్టలు. ఒక్కో కట్టలో పొడవు తగ్గుతూ పోయే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మధ్యలో సెంటర్ బోల్టు వాటిని కలిపి ఉంచుతుంది, యు-బోల్టులు కట్టను ఇరుసుకు బిగిస్తాయి. అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీ రెండు చివర్లూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ముందు చివర బాడీకి నేరుగా, వెనక చివర షాకిల్ ద్వారా వేలాడుతుంది, ఎందుకంటే బరువు పడి వంపు తగ్గినప్పుడు పట్టీ పొడవు సాగుతుంది, ఆ సాగుడుకు చోటు కావాలి. 1804లో లండన్‌లో ఒబడయా ఎలియట్ గుర్రపు బండికి పేటెంటు తీసుకున్న కమాన్ల వంశమే ఇది. మన జట్కా బండి కింద ఉండేదీ ఇదే. అయితే కారులో దీనికి రెండో బాధ్యత కూడా ఉంది. ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా పట్టి ఉంచేది కూడా ఈ కట్టే, వేరే కడ్డీలేవీ లేవు. అందుకే కమాన్ కట్ట మీద చేసే ప్రతి పనీ కుదుపుకు సంబంధించిందే కాక, కారు తిన్నగా పోవడానికి కూడా సంబంధించింది.

స్ప్రింగు సాగేది బరువుకు తగిన పాళ్లలోనే అని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. మనకు కావలసిన లెక్కంతా ఆ ఒక్క సూత్రంలోంచే వస్తుంది. లెక్క సులువుగా ఉండేందుకు గుండ్రటి అంకెలు తీసుకుంటాను. ఇవి ఏ కంపెనీ పుస్తకంలోవీ కావు, ఈ తరహా కార్లకు దగ్గరగా ఉండేవి. ఖాళీ కారులో రెండు వెనక కమాన్ల మీద కలిపి 400 కిలోల బరువు ఉందనుకుందాం. రెండూ కలిసి మిల్లీమీటరుకు 4 కిలోల చొప్పున వంగుతాయనుకుందాం. అంటే కారు తన బరువుకే 100 మి.మీ. కిందికి కుంగి నిలబడి ఉంటుంది. ఇలా కుంగిన ఎత్తు తెలిస్తే కారు ఊగే వేగం కూడా తెలిసిపోతుంది. 100 మి.మీ. కుంగే కారు సెకనుకు దాదాపు 1.6 సార్లు ఊగుతుంది. ఇరుసుకూ, బాడీకి అతికిన బంప్ స్టాపర్ రబ్బరుకూ మధ్య ఖాళీ కారులో 120 మి.మీ. సందు ఉందనుకుందాం. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీలో ఒక సూట్‌కేసు పెడితే 200 కిలోలు. కమాన్లు మరో 50 మి.మీ. కుంగుతాయి, సందు 70 మి.మీ.కి వస్తుంది. రోడ్డు మీద గతుకు తగిలినప్పుడు కమాను మింగుకోగల శక్తి ఈ మిగిలిన సందు వర్గాన్ని బట్టి ఉంటుంది. సందు సగమైతే మింగే శక్తి పావు వంతవుతుంది. ఇప్పుడు కమాన్ల బిగువు మార్చకుండా కారును ఒక అంగుళం, అంటే 25 మి.మీ., దించామనుకోండి. 70 కాస్తా 45 అవుతుంది. మింగే శక్తి మునుపటిలో నూటికి 41 వంతులే మిగులుతుంది. రెండంగుళాలు దించితే మిగిలే సందు 20 మి.మీ., శక్తి నూటికి 8 వంతులు. ఆ తర్వాత గతుకు దెబ్బ నేరుగా రబ్బరుకు, అక్కడినుంచి బాడీకి, అక్కడినుంచి కూర్చున్నవాళ్ల నడుముకు చేరుతుంది. షాకబ్జార్బర్లు కూడా కొంత శక్తిని మింగుతాయి, కానీ పోలిక ఇదే దామాషాలో ఉంటుంది. మొదటి అంగుళానికే సగానికి పైగా పోతుందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. రెండో అంగుళం మిగిలినదాన్ని దాదాపుగా ఊడ్చేస్తుంది.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని చవక పద్ధతులను ఒక్కొక్కటిగా తూచవచ్చు. పైసా ఖర్చు లేనిదని పేరుపడ్డది పట్టీ తీసేయడం. ఐదు పట్టీల కట్టలో ఒకటి తీస్తే బిగువు సుమారు ఐదింట నాలుగు వంతులకు పడిపోతుంది, అంటే మిల్లీమీటరుకు 3.2 కిలోలు. అదే 400 కిలోలకు కమాను ఇప్పుడు 125 మి.మీ. కుంగుతుంది. కారు సరిగ్గా అంగుళం దిగింది. చూడ్డానికి కోరుకున్నదే. కానీ ముగ్గురూ ఎక్కాక కుంగేది 50 కాదు, 62.5 మి.మీ. మిగిలే సందు 32.5 మి.మీ. మాత్రమే, కమాను కూడా మెత్తబడింది. రెండూ కలిపి లెక్కేస్తే మింగే శక్తి మొదటిదానిలో నూటికి 17 వంతులు. ఖాళీగా నిలబెట్టినప్పుడు ఒకే ఎత్తులో ఉన్న రెండు కార్లలో, బిగువు చెక్కుచెదరనిదానికి 41, పట్టీ తీసినదానికి 17. షెడ్డు ముందు ఖాళీ కారును పక్కనుంచి చూసి ఈ తేడా ఎవరూ కనిపెట్టలేరు. అంతటితో అయిపోలేదు. ఐదు పట్టీలు మోసిన బరువును నాలుగు మోస్తున్నాయి కాబట్టి ఒక్కోదానిలో ఒత్తిడి నాలుగో వంతు పెరిగింది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ పందొమ్మిదో శతాబ్దం మధ్యలో రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి తేల్చిందేమిటంటే, ఒక్కసారికి విరగని ఉక్కు కూడా లక్షలసార్లు వంగితే విరుగుతుంది, ఒత్తిడి కొద్దిగా పెరిగినా ఆ ఆయుష్షు చాలా తగ్గిపోతుంది. మెయిన్ పట్టీ చుట్ట దగ్గర విరిగితే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది, స్టీరింగు తిప్పకుండానే కారు తిరుగుతుంది. కాబట్టి కంపెనీ పెట్టిన పట్టీ తీసేయడాన్ని నేను చవక పద్ధతుల జాబితాలో చేర్చను.

గ్యాసు మంట దానికన్నా చెడ్డది. కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు, సిలికాన్, మాంగనీసు కలిపిన ఉక్కు. అందులో కర్బనం నూటికి అర వంతు పైన ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు, ఆ తర్వాత 400 నుంచి 500 డిగ్రీల మధ్య మళ్లీ వేడిచేసి పెళుసుదనం తీస్తారు. దానికి వంగి తిరిగి లేచే గుణం ఈ రెండో వేడితో వస్తుంది. టార్చి పెట్టి పట్టీని చెర్రీ పండు ఎరుపు వచ్చేదాకా కాలిస్తే అక్కడి ఉష్ణోగ్రత 700 దాటిపోతుంది. ఆ చోట ఫ్యాక్టరీ చేసిన పనంతా చెరిగిపోతుంది. నిదానంగా చల్లారితే మెత్తబడి, కొన్నాళ్లకు ఒక పక్క కుంగిపోతుంది. నీళ్లు చల్లితే పెళుసెక్కి విరుగుతుంది. దీనికి ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. కమ్మరి కొలిమిలో పాత లారీ కమాన్ పట్టీలనే కాల్చి కొడవళ్లు, పారలు చేస్తున్నారు కదా, అవి ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి కదా అని. నిజమే, అవి మంచి పనిముట్లు. కానీ కొడవలికి కావలసింది అంచు వరకు గట్టిదనం. దాన్ని లక్షలసార్లు వంచి వదిలేవాళ్లు ఎవరూ లేరు. కమ్మరి కంటితో రంగు చూసి పనిముట్టుకు సరిపోయేలా చల్లార్చగలడు. నాలుగడుగుల పట్టీ అంతటా ఒకే వేడి, ఒకే చల్లార్పు ఉండాలంటే కొలత ఉన్న కొలిమి కావాలి. అది లేనిచోట కమాను జోలికి మంట రాకూడదు.

చల్లగా ఉండగానే వంపు తగ్గించడం వేరే సంగతి. కట్ట విప్పి, ఒక్కో పట్టీని ప్రెస్ కింద పెట్టి కొంచెం చదును చేస్తే పట్టీల సంఖ్య మారదు, మందం మారదు, బిగువు మారదు. కారు దిగుతుంది, అంతే. ఇందులో లోహశాస్త్రం మనకు అనుకూలంగా ఉండటం విశేషం. రోడ్డు మీద బరువు కమానును ఏ దిక్కుకు వంచుతుందో చదును చేయడమూ అదే దిక్కుకు వంచుతుంది. అలా ఒకసారి హద్దు దాటి వంచి వదిలినప్పుడు పట్టీ పై ముఖంలో నొక్కుడు ఒత్తిడి మిగిలిపోతుంది. తర్వాత బరువు పడి ఆ ముఖం సాగబోయినప్పుడు ముందు ఆ నొక్కుడు ఖర్చవుతుంది, కాబట్టి పగులు ఆలస్యంగా పుడుతుంది. కమాన్లు చేసే ఫ్యాక్టరీలు కూడా కావాలనే ఇలా ఒకసారి అతిగా వంచి పంపుతాయి. దీనికి తిరగబడ్డ పని, అంటే కుంగిన కమానును సుత్తితో కొట్టి వంపు పెంచడం, మన లారీ షెడ్లలో ఎక్కువగా జరిగేది. అందులో మిగిలే ఒత్తిడి బరువుకు తోడవుతుంది, అందుకే లేపించిన కమాన్లు మళ్లీ త్వరగా కుంగుతాయి. దించడం లేపడం కన్నా ఉక్కుకు సుఖమన్నమాట. ఒక్కటే జాగ్రత్త, పట్టీలన్నిటినీ ఒకే పాళ్లలో చదును చేయాలి. లేకపోతే మధ్యలో సందులు వచ్చి బరువంతా ఒకటి రెండింటి మీద పడుతుంది.

అంతకన్నా తేలిక ఇంకోటుంది, దిమ్మ పెట్టడం. అంబాసిడర్‌లో ఇరుసు కమాన్ కట్ట పైన కూర్చుని ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఒక అంగుళం ఉక్కు దిమ్మ పెడితే కట్ట ఇరుసుకు అంగుళం కిందికి పోతుంది, దానికి వేలాడే బాడీ కూడా పోతుంది. లారీలో కట్ట ఇరుసు పైన ఉంటుంది కాబట్టి అదే దిమ్మ లారీని పైకి లేపుతుంది. కాబట్టి దిమ్మ కొనేముందు కారు కిందికి వంగి ఇరుసు పైనుందా కిందుందా చూసుకోవాలి. దిమ్మ పెడితే ఇరుసు మెలితిరుగుతుందని ఒక భయం ఉంది. అది లారీ విషయంలో నిజం. అక్కడ కట్ట నేలకు మరింత దూరమవుతుంది, చక్రం నేలను నెట్టే బలానికి మెలిపెట్టే చెయ్యి పొడవవుతుంది. కారులో కట్ట నేలకు దగ్గరవుతుంది కాబట్టి ఆ చెయ్యి పొట్టిదవుతుంది. అసలు ప్రమాదం బిగింపులో ఉంది. దిమ్మ కింది ముఖం మీద సెంటర్ బోల్టు తల కూర్చునే గుంట, పై ముఖం మీద ఇరుసు రంధ్రంలో దిగే పిన్ను ఉండాలి. అవి లేకుండా చదునైన ఇనుప ముక్క పెడితే బ్రేకు కొట్టినప్పుడు ఇరుసు జారుతుంది. పాత యు-బోల్టులు పొడవు చాలవు, కొత్తవి చేయించాలి. కొంతదూరం తిరిగాక మళ్లీ బిగించాలి. చెక్క దిమ్మ పనికిరాదు, రాయలసీమ ఎండకు ఎండి కుంచించుకుంటే బిగువు వదులవుతుంది. లేత్ ఉన్న ఏ షాపులోనైనా ఈ జత దిమ్మలు తయారవుతాయి. నచ్చకపోతే విప్పి పక్కన పెట్టవచ్చు, కారు మునుపటిలా నిలబడుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతికున్న పెద్ద గుణం ఇదే.

అయితే దిమ్మ దాకా వెళ్లేముందు కారు ఎందుకు ఎత్తుగా ఉందో అడగాలి. చాలా పాత కార్లలో జవాబు అక్కడే దొరుకుతుంది, దించవలసిన అవసరమే పోతుంది. మన ఊళ్లలో అంబాసిడర్ చాలాకాలం టాక్సీగా, పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, సంతలకు పరిమితికి మించి మనుషుల్ని మోసింది. అలాంటి బండికి ఎవరో ఎప్పుడో కట్టలో అదనపు పట్టీ చేర్పించి ఉంటారు. ఐదు పట్టీల చోట ఆరుంటే మన లెక్క ప్రకారం ఖాళీ కారు 17 మి.మీ. పైకి లేస్తుంది, చేర్చిన పట్టీ వంపు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. దాన్ని తీసేస్తే పోయేదేమీ లేదు, కంపెనీ ఇచ్చినదానికి తిరిగి వచ్చినట్టు. రెండో కారణం తుప్పు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. మధ్యలో తుప్పూ దుమ్మూ పేరుకుని బిగుసుకుంటే కట్ట మొత్తం ఒకే దిమ్మెలా ప్రవర్తిస్తుంది. విప్పి, తీగ బ్రష్షుతో రుద్ది, గ్రాఫైటు గ్రీజు రాసి బిగిస్తే కారు కొంత దిగుతుంది, కుదుపూ తగ్గుతుంది. మూడో కారణం కొత్తగా బాగుచేయించిన కార్లలో తరచుగా కనిపిస్తుంది. కారును జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా కమాను చివరి రబ్బరు బుష్‌ల బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దింపగానే ఆ రబ్బర్లు మెలితిరిగి కారును పైకి నెడుతూ ఉంటాయి, త్వరగా చిరిగిపోతాయి కూడా. బోల్టులు వదులుచేసి, కారును నేలమీద నిలబెట్టి, వెనక నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు బిగించాలి. ఇంత చిన్న పనికి కారు కంటికి తెలిసేంత దిగడం జరుగుతుంది. దిమ్మల గురించి ఆలోచించవలసింది ఇవన్నీ అయ్యాక, ఒక వారం తిప్పి, మళ్లీ కొలిచాక.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. రోడ్లు మారాయి, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు మీదుగా నాలుగు వరుసల్లో సాగుతోంది, ఇంకా గతుకుల లెక్కలెందుకు అని అంటారు. పెద్ద రహదారి మీద ఇది ఒప్పుకోవలసిందే. కానీ పాత కారు జీవితమంతా పెద్ద రహదారి మీద గడవదు. నల్లమలకూ ఎర్రమలకూ మధ్య కుందూ లోయ ఉంది. నంద్యాల, కోయిలకుంట్ల నుంచి ప్రొద్దుటూరు దాకా నల్లరేగడి నేల. ఆ మట్టిలోని బంకపదార్థం వానకు నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బెత్తెడు వెడల్పు పగుళ్లిస్తుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న సీమలో ఈ ఉబ్బు, కుంచింపు రెండూ తీవ్రం. పైన వేసిన తారు ఆ కదలికను అనుసరించి అలలు తేలుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు బండల లారీలు, సిమెంటు లారీలు తిరుగుతాయి. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుందని అమెరికాలో 1950ల చివర జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలింది. మరి స్పీడు బ్రేకర్లు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి మిట్ట. అంబాసిడర్ చక్రాల మధ్య దూరం 2.46 మీటర్లు, కాబట్టి నాలుగు చక్రాలూ ఆ మిట్ట మీదనే పడతాయి, కారు నడుము కిందికి మిట్ట పొడుచుకు వచ్చేది 45 మి.మీ. మాత్రమే. అంగుళం దించిన కారుకు కూడా దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లలో జనం తమంతట తాము కట్టుకునేవి అలా ఉండవు. జానెడు వెడల్పు, ఆరంగుళాల ఎత్తు కట్టకు అటు రెండు, ఇటు రెండు చక్రాలు నిలిస్తే ఆ 150 మి.మీ. మొత్తం కారు కిందికి వస్తుంది. అంబాసిడర్ కింది ఖాళీ 160 మి.మీ. అనుకుంటే, వెనక అంగుళం దించినప్పుడు నడుము దగ్గర 12 మి.మీ. తగ్గి 148 అవుతుంది. సైలెన్సర్ గీసుకుంటుంది. ఇక్కడ అంగుళం అన్నది అందుకే పైహద్దు, మొదటి మెట్టు కాదు.

మరి బిగువు పెంచితే సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. సరిపోతుంది, కొంతవరకు. ఐదు పట్టీల బదులు ఏడు పెట్టి, అన్నిటినీ బాగా చదును చేసి కట్ట కడితే బిగువు 1.4 రెట్లవుతుంది, మనుషులెక్కినా తక్కువే కుంగుతుంది. అంగుళం దించిన కారుకు పోయిన శక్తి దాదాపు మొత్తం తిరిగి వస్తుంది. పట్టీలు తీయడానికి బదులు చేర్చి కారును దించడం వినడానికి తలకిందులుగా ఉన్నా లెక్క దాన్నే సమర్థిస్తుంది. దీనికి చెల్లించేది కుదుపుతో. ఖాళీ కారు సెకనుకు 1.6 బదులు 1.9 సార్లు ఊగుతుంది. అదే రెండంగుళాలకు చేయబోతే బిగువు 2.2 రెట్లు కావాలి, ఊగుడు 2.3 దాటుతుంది, ఖాళీ లారీలో కూర్చున్నట్టుంటుంది. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు, కమాన్ల దెబ్బ నేరుగా బాడీ రేకుకు పోతుంది. యాభై ఏళ్ల తుప్పు తిన్న రేకు దగ్గర నేను ఆ సాహసానికి ఒప్పుకోను. డిక్కీలో ఇసుక మూటలు వేసి దించేవాళ్లున్నారు. అది ప్రయాణికుల సందును ఇసుకకు ఇచ్చేయడమే. టైరు మార్చడం ఒక్కటి మాత్రం మెచ్చదగింది. టైరు వ్యాసం 40 మి.మీ. తగ్గితే కారు 20 మి.మీ. దిగుతుంది, ఇరుసుకూ రబ్బరుకూ మధ్య సందు చెక్కుచెదరదు. స్పీడోమీటరు నూటికి ఆరు ఎక్కువ చూపిస్తుంది, కింది ఖాళీ తగ్గుతుంది. అరిగిన టైర్లు ఎలాగూ మార్చవలసి ఉంటే అదనపు ఖర్చు లేనట్టే.

ఈ లెక్కలు కమాన్ కట్టలున్న కార్లకే. కాంటెస్సాలాగా వెనక కాయిల్ స్ప్రింగులున్న కారులో సంగతి ఎదురు తిరుగుతుంది. అక్కడ ఒక చుట్టు కోస్తే స్ప్రింగు మెత్తబడకపోగా బిగుస్తుంది, ఎందుకంటే మెలితిరిగే తీగ పొడవు తగ్గింది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంకో మినహాయింపు. దాని వెనక చక్రాలు విడివిడిగా ఊగే ఇరుసుల మీద ఉంటాయి, పైన అడ్డంగా ఒకే కమాను. మలుపులో వేగం ఎక్కువైతే వెనక భాగం లేచి చక్రం లోపలికి మడుచుకునే స్వభావం ఆ అమరికది. దాన్ని కొద్దిగా దించితే ఆ ప్రమాదం తగ్గుతుంది. దించడం నిజంగా భద్రతను పెంచే కారు ఇదొక్కటే నాకు కనిపిస్తుంది. అంబాసిడర్, పద్మినీలకు ఆ వాదన నిలవదు. వెనక అంగుళం దించితే కారు గురుత్వకేంద్రం అర అంగుళం దిగుతుంది. రెండడుగుల ఎత్తులో ఉన్నదానికి అది నూటికి రెండు వంతులు, మలుపులో ఆ తేడా తెలియదు. కాబట్టి అందం కోసం దించుతున్నామని ఒప్పుకోవడమే మంచిది. అందం తప్పేమీ కాదు, దానికి ఎంత ఇస్తున్నామో తెలిస్తే చాలు.

చట్టం మాట కూడా ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు లేకుండా ఉన్న కార్లకే వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. బాడీ కోసి, వెల్డింగు చేసి, కమాను వేలాడే చోటు మార్చి కారును దించేవాళ్లు ఆ గుర్తింపును పణంగా పెడుతున్నారు. దిమ్మలు, చదును చేసిన పట్టీలు అలా కావు, స్పానరుతో వెనక్కి తిరిగే పనులు.

చివరగా, దించినవాళ్లలో ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది. వెనక దిగితే ముందు లేస్తుంది, ముందుతో పాటు హెడ్‌లైట్లు కూడా. 2464 మి.మీ. పొడవులో 25 మి.మీ. అంటే నూటికి ఒకటి. డిమ్ లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వంచి పెట్టే వాలు కూడా దాదాపు అంతే. అంగుళం దించిన కారులో ఆ వాలు మొత్తం పోయి, డిమ్ వేసినా వెలుగు నేలకు సమానంగా పోతుంది. వెనక సీట్లో మనుషులుంటే ఇంకా పైకి లేచి, 40వ నంబరు రహదారి మీద నంద్యాల వైపు నుంచి ఎదురొచ్చే బైకు మనిషి కళ్లలో కొడుతుంది. సరిచేయడానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, ఒక తెల్లగోడ. కారును దించిన రోజే, చీకటి పడకముందే లైట్లు సరిచేయించండి.